ఎవరిదీ కాని మెదడు

ఆ గదిలో ఉన్నది యంత్రం కాదు, యంత్రం వేషం. పైకి చూస్తే పక్కగదిలో ఉన్న అసలుదానికి అచ్చు గుద్దినట్టు ఉంటుంది. తెల్లటి పెద్ద గుల్ల, మధ్యలో మనిషి పట్టేంత సొరంగం, లోపలికీ బయటికీ జారే బల్ల, తల చుట్టూ బిగించే పంజరం, కళ్లకెదురుగా చిన్న అద్దం. లోపల మాత్రం అయస్కాంతం లేదు. ఓ మూల దాచిన స్పీకరులోంచి అసలు యంత్రం చేసే చప్పుడు వినిపిస్తారు, అంతే. మెదడు స్కానింగుకు వచ్చినవాళ్లు ముందు ఇందులో పడుకుని, బెదరకుండా, కదలకుండా ఉండటం అలవాటు చేసుకోవాలి. తల వెంట్రుకవాసి కదిలినా స్కాన్ చెదురుతుంది. చెదిరిన స్కాన్ చెత్తబుట్ట పాలు. టెక్నీషియన్లు దీన్ని ఉత్తుత్తి యంత్రం అంటారు.

దాని దగ్గర పని చేసేది చిన్నది.

నలభై దాటినా ఇంట్లో ఆమె చిన్నదే. ల్యాబులో మాత్రం శిల్పంగారు అంటారు, అదీ మొహం మీదే. ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె మొదట అక్కడికి ఉద్యోగానికి రాలేదు, రోగిగా వచ్చింది. మనసు జబ్బులున్నవాళ్ల మెదళ్లూ, జన్యువులూ, వాళ్ల తోబుట్టువుల్లో జబ్బు లేనివాళ్లవీ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో వెతికే పరిశోధన అది. వచ్చినవాళ్లు యంత్రంలో పడుకుని దగ్గుతారు, ముక్కు గోక్కోబోతారు, కొందరు తమకు మాత్రమే వినపడే గొంతుకు తలూపి జవాబిస్తారు. చిన్నది పడుకుంటే పడుకున్నట్టే. ఊపిరి తప్ప ఏదీ ఆడలేదు. స్కాన్లు చూసిన పెద్ద డాక్టరు, ఆ పరిశోధనకంతా ఆయనే పెద్ద, గది బయటికి నడిచొచ్చి ఇంత చక్కగా ఉండటం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు.

"జబ్బులో," అంది చిన్నది.

ఆ మాటలో అబద్ధం లేదు. ఇరవైల్లో ఆమె రుతువులకు రుతువులు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గడిపింది. చెయ్యి ఎవరైనా ఎత్తితే ఎత్తినచోటే ఉండిపోయేది. అక్క గిన్నె ఒళ్లో పెట్టుకుని, ముద్ద ముద్దకీ బతిమాలుతూ తినిపించేది. ఆ రాయితనమే ఇన్నేళ్ల తర్వాత చేతిపనిగా మారుతుందని ఎవరనుకున్నారు? పెద్ద డాక్టరు ముందు నవ్వాడు, తర్వాత ఆలోచించాడు, ఆ తర్వాత మిగతావాళ్లకు నేర్పుతారా అని అడిగాడు. అలా దొరికింది ఉద్యోగం.

నేర్పడంలో ఆమె పద్ధతి ఆమెది. కదలొద్దు అని ఎవరితోనూ అనదు. అంటే వెంటనే ఎక్కడో దురద పుడుతుందని ఆమెకు తెలుసు. తల బరువు బల్లకి అప్పజెప్పెయ్యండి, కాసేపు అది మీది కాదు, అంటుంది. చప్పుడుకు జంకినవాళ్లతో, రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు, మీ అదృష్టం బాగుండి ఈ రోటికి రోకలి లేదు, చప్పుడొక్కటే, అంటుంది. నవ్వినవాళ్ల భుజాలు వాటంతటవే దిగుతాయి.

అన్నిటికన్నా ముందు రబ్బరు బుడ్డి చేతిలో పెడుతుంది. లోపల ఉన్న మనిషి దాన్ని నొక్కితే గంట మోగుతుంది, బల్ల బయటికొస్తుంది. ఎందుకు నొక్కావని ఎవరూ అడక్కూడదు. అది ల్యాబు నియమం. చాలామంది నమ్మరు. ఆస్పత్రిలో వాళ్లు వద్దన్నప్పుడు ఏదైనా ఆగడం వాళ్లెన్నడూ చూసి ఉండరు. అందుకే చిన్నది ప్రతివాళ్ల చేతా ఒకసారి ఉత్తపుణ్యానికి నొక్కిస్తుంది. బల్ల బయటికొచ్చాక వాళ్ల మొహంలోకి వచ్చే ఆశ్చర్యం చూడటం ఆమెకిష్టం.

ఆమెకూ ఒక నియమం పెట్టారు. పడుకోబెట్టడం వరకే ఆమె పని. వచ్చినవాళ్లను ఉండమనీ అనకూడదు, పొమ్మనీ అనకూడదు.

ఆ నియమంతో ఆమెకు పేచీ లేదు, కుర్ర డాక్టరమ్మ వచ్చి మర్నాటి సంగతి చెప్పేదాకా. డాక్టరమ్మ మంచిదే, కాకపోతే ఎప్పుడూ తొందర. జబ్బున్న ఇంట్లో పుట్టి, ఇంకా జబ్బు పడని పిల్లల కోసం కొత్తగా వెతుకుతున్నారు. అలాంటివాళ్లు సులువుగా దొరకరు. రేపు ఒకమ్మాయి వస్తోంది, మీకు తెలిసినమ్మాయే, మీ అక్కగారే ఫోన్ చేశారు, అంది, శుభవార్త చెబుతున్నట్టు.

ల్యాబు గోడ మీద చిన్నదాని కుటుంబం పటం ఉంది. ఆడవాళ్లకు గుండ్రాలు, మగవాళ్లకు చదరాలు, జబ్బు పడ్డవాళ్లకు నల్లరంగు. పోయిన అమ్మ ఒక నల్ల గుండ్రం. మేనమామ నల్ల చదరం. చిన్నది నల్ల గుండ్రం. అక్క తెలుపు. అక్క కింద వేలాడుతున్న తెల్ల గుండ్రంలో ఎవరో పెన్సిలుతో సన్నగా ప్రశ్న గుర్తు పెట్టారు. ల్యాబు లెక్కలో ఆ పిల్ల చిన్నదానికి రెండో మెట్టు బంధువు. మన వరసలో అక్క కూతురంటే కూతురే.

సాయంత్రం నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. అక్క బడిలో హెడ్మాస్టరు. ఆమె వరండాలోకి వస్తే చాలు, మూడు తరగతుల గోల అణుగుతుంది. ఇంట్లోనూ అంతే. బావ పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్కచెల్లెళ్ల మధ్య వేలు పెట్టి నలగ్గొట్టుకోవడం ఆయన పెళ్లైన కొత్తలోనే మానేశాడు. పిల్ల గది తలుపు వేసి ఉంది. కొన్నాళ్లుగా కాలేజీకి పోవడం లేదని, పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటోందని, మాట్లాడిస్తే మాట్లాడదని అక్క చెప్పింది. చివరికి అసలు సంగతి గొంతు తగ్గించి చెప్పింది. నిద్ర పట్టబోతుంటే ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్టు వినపడిందని పిల్ల తనే అందట.

తెలుసుకోవాలిగా, అంది అక్క. ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. చిన్నదానికి ఆ బొమ్మ కంఠతా వచ్చు. బూడిదరంగు మెదడు, ముందువైపు ఒక ఎర్ర మచ్చ. కొన్నేళ్ల కిందట కుటుంబాల సమావేశంలో డాక్టరమ్మ అందరికీ ఇచ్చింది. అది చెల్లెలి మెదడనీ, ఆ మచ్చ చెల్లెలి జబ్బనీ అక్క అనుకుంది. చుట్టాలందరికీ చూపించింది. ఇదిగో, మా చిన్నదాని బాధ ఇక్కడుంది పాపం, అని. ఇప్పుడు పిల్లదీ తీయిస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, మచ్చ ఉందా లేదా తేలిపోతుంది, అంటోంది. అలా కాదక్కా, అని చిన్నది మొదలుపెట్టింది. నీకు తెలీదులే, అంది అక్క. ఆ మాటతో అక్క ఇంట్లో సంభాషణలు ముగియడం ఇవాళ కొత్త కాదు.

బస్సులో నిలబడి తిరిగొస్తూ చిన్నది ఆ బొమ్మ గురించే ఆలోచించింది. అక్కను అనడానికేముంది? తనూ అలాగే నమ్మింది. మొదట చూసినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. బద్ధకం కాదు, పొగరు కాదు, అమ్మ పెంపకం కాదు, ఇదిగో ఇక్కడ, వేలు పెట్టి చూపించగలిగినంత నిజంగా ఉంది. ఇన్నేళ్ల నేరానికి ఒక చిరునామా దొరికినట్టయింది. ఆ బొమ్మను మంచం పక్కన అంటించుకుంది. ఉద్యోగంలో చేరాక ఒకరోజు టీ తాగుతూ, ఇందులో నా మచ్చ ఇంత పెద్దదా అని టెక్నీషియన్ని అడిగింది. అతను నవ్వాడు. ఇది మీది కాదు శిల్పంగారూ, అన్నాడు. రోగులందరి మెదళ్లూ కలిపి సగటు తీసి, బాగున్నవాళ్లందరి సగటుతో పోలిస్తే తేడా తేలిన చోట ఎరుపు వేశారు. అలాంటి మెదడు ఏ ఒక్క తలలోనూ ఉండదు. ఎవరిదీ కాదు.

కొన్నాళ్లు ఆమెకు దిక్కు తోచలేదు. తర్వాత మెల్లగా కోపం వచ్చింది. డాక్టర్ల మీద కాదు. ఆ మచ్చ కింద తను ఎంత అణిగిమణిగి బతికిందో అప్పుడు గుర్తొచ్చింది. వంట మాడితే మచ్చ. ఎవరి మాటైనా పడకపోతే మచ్చ. తనకు కోపమొస్తే అది కోపం కాదు, మచ్చ. అక్కతో పోట్లాడాల్సిన చోటల్లా, పోనీలే నా తల బాగోలేదుగా అని తనే వెనక్కి తగ్గింది. ఆ అలవాటు మనిషిలో ఎంత లోతుకు పోతుందంటే, తర్వాత ఎవరూ నోరు నొక్కక్కర్లేదు. మనిషి తన నోటి మీద తనే చెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. పదిహేడేళ్ల పిల్లకు ఆ మచ్చ అంటిస్తే, మచ్చ ఉన్నా లేకపోయినా, అది అలాగే కూర్చుంటుంది. ఈసారి కిటికీ పక్క కుర్చీ కూడా అక్కర్లేదు.

మర్నాడు పొద్దున వాళ్లిద్దరూ వచ్చారు. అక్క ఇస్త్రీ చీరలో, తనిఖీకి వచ్చినట్టు. పిల్ల వెనకాల, జుట్టు సరిగా దువ్వుకోకుండా. మైనరు కాబట్టి అక్క సంతకం చేసింది. నీకిష్టమేనా అని డాక్టరమ్మ పిల్లనూ అడిగింది, తల్లి పక్కనే ఉండగా. పిల్ల తలూపింది. తల్లి పక్కన ఆ పిల్ల తలూపకపోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అక్కా డాక్టరమ్మా అద్దాల కిటికీ అవతలి గదిలో కూర్చున్నారు. చిన్నది పిల్ల చెవిపోగులు తీయించి, దుప్పటి కప్పి, బుడ్డి చేతిలో పెట్టింది.

"నొక్కు ఒకసారి."

గంట మోగింది. బల్ల బయటికొచ్చింది. కిటికీ అవతల అక్క సగం లేచింది.

"చూశావా? ఎందుకని అడగరు. అడిగితే నాకు చెప్పు."

మళ్లీ లోపలికి పంపింది. చప్పుడు మొదలైంది. చిన్నది తలవైపు స్టూలు లాక్కుని కూర్చుంది. అక్కణ్ణుంచి యంత్రంలోని చిన్న అద్దంలో పిల్ల కళ్లు మాత్రమే కనపడతాయి. అవి రెప్ప వెయ్యకుండా ఆమెనే చూస్తున్నాయి.

"పిన్నీ, మనం మాట్లాడేది వాళ్లకి వినపడుతుందా?"

మైకు పక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. ఆపాలంటే వేలు కదిపితే చాలు.

"వినపడుతుంది. ఆపమంటావా?"

"వద్దు. విననీ," అంది పిల్ల. తర్వాత అడిగింది. "నేను నీలా అయిపోతానా?"

కిటికీ అవతల అక్క తల దించుకుంది.

ఛ, అలాంటిదేం లేదు తల్లీ, అనే మాట చిన్నదాని నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టాలందరూ అనే మాట అది. ఎంత తియ్యటి మాటో. అది అంటే పిల్ల ఊరట పడుతుంది, అక్క ఊరట పడుతుంది, డాక్టరమ్మ పని చెడదు. ఆ మాటలో జరగకూడని ఉపద్రవం ఎవరంటే తను. తనను తనే అపశకునంలా పక్కకు తప్పించుకుని నిలబడాలి. ఇన్నేళ్లూ నిలబడింది. ఇవాళ ఆ మాటను మింగేసింది.

"నాలా అయితే ఏమవుతుందనుకుంటున్నావు?"

"అమ్మ అంటుంది... జీవితం పోతుందని."

"నాది పోయిందా?"

అద్దంలో కళ్లు పక్కకు తిరిగాయి.

"చెప్పు. పొద్దున లేస్తాను. మాత్ర వేసుకుంటాను. బస్సులో సీటు కోసం పోట్లాడతాను. ఇక్కడికొచ్చి నీలాంటి బెదురుగొడ్లని పడుకోబెడతాను. సాయంత్రం నా గది తాళం నేనే తీసుకుంటాను. కొన్నేళ్లు పోయాయి, కాదనను. చెడ్డ ఏళ్లు. మళ్లీ రావని కూడా చెప్పను. కానీ నాలా అవడమంటే చచ్చిపోవడం కాదు. నన్ను చూపించి నిన్ను భయపెట్టే హక్కు ఎవరికీ లేదు. మీ అమ్మకి కూడా."

అద్దంలో కళ్లు ఒకసారి మూసుకుని తెరుచుకున్నాయి. "మరి దీన్లో తెలుస్తుందా, అవుతానో అవనో?"

"తెలీదు. మీ అమ్మ ఫోన్లో ఉన్న మెదడు నాది కాదు. అది ఎవరిదీ కాదు. అందరివీ కలిపి కుట్టిన బొంత. డాక్టరమ్మగారు అక్కడే ఉన్నారు, వింటున్నారు, అబద్ధమైతే ఇప్పుడే చెప్తారు." చిన్నది కిటికీవైపు చూడలేదు. ఎవరూ ఏమీ అనలేదు. "వీళ్లు చేసే పని మంచిపనే. నా రక్తం ఇచ్చాను, తల ఇచ్చాను, మళ్లీ అడిగినా ఇస్తాను. కానీ వందలమందిని కలిపి చూస్తే ఎక్కడో కొంచెం కనపడే పని అది. ఒక్క పిల్లని పట్టుకుని నీ రేపు ఇదీ అని చెప్పదు. చెప్తుందని ఎవరన్నా అంటే అది సోది."

"మరి నా పేరు వినపడింది కదా."

ఇక్కడ అబద్ధమాడితే ఇంతదాకా అన్నదంతా వృథా.

"నిద్ర పట్టేముందు చాలామందికి అలా వినపడుతుందిట. నాకు మొదట్లో వినపడింది కూడా అలాగే. రెండూ నిజమే. నీది ఏదో నాకు తెలీదు. అందుకే కింద అంతస్తులో మందిచ్చే డాక్టరు ఉంది. వెళ్లి ఆవిడకి చెప్పు. నిద్ర గురించి, కాలేజీ గురించి, నువ్వు ఎవరికీ చెప్పనిదేదో ఉంటే దాని గురించి. ఈ గుల్లకి చెప్పినా దీనికి చెవుల్లేవు."

గంట మోగింది.

చిన్నది బల్ల బయటికి లాగింది. పిల్ల పంజరం తీయించుకుని లేచి కూర్చుంది. మొహం కందిపోయి ఉంది, కానీ చూపు నిలకడగా ఉంది. తలుపు తోసుకుని డాక్టరమ్మ వచ్చింది. ఏమైందమ్మా, ఎందుకు నొక్కావు, అని అడిగేసింది, అలవాటు కొద్దీ.

"అడక్కూడదు డాక్టరమ్మగారూ," అంది చిన్నది.

డాక్టరమ్మ వెనకాలే వచ్చింది అక్క. అక్క పిల్లవైపు చూడలేదు. చెల్లెలి మోచెయ్యి పట్టుకుని వరండాలోకి నడిపించింది, బడిలో ఎవర్నో తరగతి బయటికి నడిపించినట్టు. అటూ ఇటూ నర్సులు పోతున్నారు. అక్క గొంతు పెంచలేదు. పెంచకపోవడమే ఆమె కోపానికి గుర్తు.

"ఎవరడిగారే నిన్ను? తెలుసుకుందామని తెచ్చాను. తలుపు మూసేశావు."

"నువ్వు తెచ్చింది తెలుసుకోవడానికి కాదక్కా. లేదనిపించుకోవడానికి. ఉందంటే ఏం చేసేదానివి?"

అక్క వరండా గోడకు ఆనుకుంది. ఇస్త్రీ చీర నలుగుతుందని కూడా చూసుకోలేదు. చిన్నది అక్కను అలా ఎన్నడూ చూడలేదు. కుర్చీలో ఉన్న రోజుల్లో ఎప్పుడైనా ఇలా ఆనుకుందేమో, అప్పుడు చూసే స్థితిలో తను లేదు.

"అమ్మని మోశాను," అంది అక్క. "నిన్ను మోశాను. ముద్ద నోట్లో పెడితే నమలమని కూడా నేనే చెప్పాను. ఇంకొకర్ని మోసే ఓపిక నాకు లేదు. ముందే తెలిస్తే... ఏమో. ఏదో ఒకటి చేసేదాన్ని."

బతిమాలే గొంతు కాదు అది, అలిసిన గొంతు. ఇక్కడే ఎప్పుడూ చిన్నది ఓడిపోతుంది. అక్క పడ్డ కష్టం ఎదురుగా నిలబడితే తన మాట ఏదైనా కృతఘ్నతలాగే వినపడుతుంది, తనకే. ఈసారి మాత్రం మాట ఆపలేదు.

"మోశావు. కాదన్నానా? నువ్వు లేకపోతే ఇవాళ ఇలా ఎదురు మాట్లాడటానికి నేనుండను. కానీ నన్ను దింపి చాలా కాలమైందక్కా. నువ్వే చూసుకోలేదు. బరువు అలవాటైపోయి, ఇప్పుడు దాన్ని కూడా ఎత్తుకోబోతున్నావు. అది నడుస్తోంది. కాస్త కుంటుతోందేమో, నడుస్తోంది."

పిల్ల గది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో. చెవిపోగులు పెట్టుకుంటూ, తల్లితో అంది, ఆ రోజుల్లో తల్లితో తనంతట తాను అన్న మొదటి మాట అది.

"అమ్మా, కింద డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఈ యంత్రంలోకి మాత్రం వెళ్లను."

వాళ్లిద్దరూ మెట్లు దిగుతుండగా చిన్నదానికి కబురొచ్చింది. పెద్ద డాక్టరు పిలుస్తున్నాడు.

ఆయన గదిలో పుస్తకాలు కుర్చీల మీద ఉంటాయి, మనుషులు నిలబడతారు. ఇవాళ ఒక కుర్చీ ఖాళీ చేసి కూర్చోమన్నాడు. అది మంచి సూచన కాదని చిన్నదానికి అర్థమైంది. డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి గోళ్లు చూసుకుంటోంది. ఆయన జరిగిందంతా విన్నానన్నాడు. మీరు పిల్లకు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, తప్పు చెప్పిన చోటుది, అన్నాడు. వచ్చినవాళ్ల మనసు ఇటూ అటూ తిప్పే పని అక్కడ ఎవరు చేసినా తప్పే, అది మీ అక్క కూతురైతే మరీను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఆమెకనిపించింది. మర్యాదతో పోట్లాడటం కష్టం.

డాక్టరమ్మ ఉన్నట్టుండి తలెత్తింది. వాళ్లమ్మగారు అడిగినప్పుడు, తీసి చూద్దాం అన్నాను సార్, ఆవిడ అలా అర్థం చేసుకుంటారని అనుకోలేదు, అంది. ఆయన ఆమెవైపు తిరిగి, దాని సంగతి వేరే మాట్లాడదాం అన్నాడు.

"తప్పు జరిగిందని మీరొక్క మాటంటే," అన్నాడు చిన్నదానితో, "ఇక్కడితో వదిలేద్దాం."

"అనను."

"పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే ఎలాగండీ?"

"మూడే ఉంటే మూడే అంటాను సార్. లెక్కపెట్టాకే అంటున్నాను."

ఆయన నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు వేరు, నియమం వేరు. పరిశోధన నియమాలు చూసే కమిటీ ముందు పెట్టక తప్పదన్నాడు. తేలేదాకా ఉత్తుత్తి యంత్రం దగ్గరికి ఆమె వెళ్లకూడదు.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆ గదీ, ఆ స్టూలూ, బుడ్డి నొక్కి ఆశ్చర్యపోయే మొహాలూ. ఇరవైల్లో పోయినవాటికి బదులుగా లోకం ఆమెకిచ్చింది అంతే. పోతే పోతుంది. వెళ్లి క్షమించమని అడిగితే రేపు పొద్దున మళ్లీ తాళంచెవి చేతికొస్తుంది. కానీ తర్వాత వచ్చే ప్రతి మనిషికీ, నొక్కితే ఎవరూ ఏమీ అనరు అని ఏ మొహంతో చెప్పాలి?

"కమిటీ ఎప్పుడో చెప్పండి. నా గురించి మాట్లాడేటప్పుడు నేనూ ఆ గదిలో ఉంటాను."

"రోగులు కమిటీలో కూర్చోరు."

"ఇంతదాకా కూర్చోలేదు. నేను కూర్చుంటాను. కుర్చీ లేకపోతే మీ గదిలోలాగే నిలబడతాను."

లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వచ్చేవారం తన రెండో స్కాన్ ఉందనీ దానికి వస్తాననీ చెప్పింది. ఇంత కోపంలోనా, అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. కోపం కోపమే, పని పనే, నా తలలో ఏముందో తెలుసుకోవాలని మీకన్నా నాకే ఎక్కువుంది సార్, అంది. ఎవరి రేపునో ముందే రాసిపెట్టడానికైతే మాత్రం నా తల ఇవ్వను.

కింద అంతస్తులో బెంచీలు నిండిపోయి ఉన్నాయి. పిల్ల ఒక చివర, అక్క ఇంకో చివర, మధ్యలో ఎవరో నిద్రపోతున్న ముసలాయన. చిన్నది గోడకు ఆనుకుని నిలబడింది. ఉద్యోగం సంగతి అక్క అడగలేదు. మొహం చూసి గ్రహించినట్టుంది. లోపలి నుంచి నర్సు పిలిచింది. పిల్ల లేచింది. అక్కా లేచింది, చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ, చెప్పాల్సినవన్నీ మనసులో వరస పెట్టుకుంటున్నట్టు పెదవులు కదుపుతూ.

"ఒక్కదాన్నే వెళ్తానమ్మా," అంది పిల్ల.

అక్క నిలబడే ఉంది. బడిలో అణగని గోల మొదటిసారి విన్న మనిషిలా ఉంది. చిన్నది గోడ దగ్గర్నుంచి కదలలేదు. ఇది తను కలగజేసుకోవాల్సింది కాదు. కాసేపటికి అక్క మెల్లగా కూర్చుంది. తలుపు పడింది.

ముసలాయన లేచి వెళ్లిపోయాడు. చిన్నది ఆ ఖాళీలో కూర్చుంది. ఇద్దరూ తలుపువైపే చూస్తున్నారు.

"లోపల ఏం చెప్తోందో," అంది అక్క.

"మనకి చెప్పాలనుకుంటే చెప్తుంది."

"నువ్వు మొదట్లో ఇలాగే ఒక్కదానివే వెళ్లేదానివా? నాకు గుర్తులేదు."

"లేదు. నువ్వు పక్కన కూర్చునేదానివి. నా బదులు అన్నీ నువ్వే చెప్పేదానివి. ఏం తిన్నానో, ఎంతసేపు పడుకున్నానో, ఏమనుకుంటున్నానో."

అక్క చేతిసంచి బెంచీ మీద పెట్టింది. ఎటో చూస్తూ అడిగింది.

"తప్పా?"

"అప్పుడు నేను మాట్లాడేదాన్ని కాదుగా," అంది చిన్నది. "ఇప్పుడు మాట్లాడుతున్నాను."

"అవును," అంది అక్క. "ఆపడమే కుదరట్లేదు."

తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఇద్దరిలో ఎవరూ లేచి వెళ్లి తట్టలేదు.